రిజిస్టరులో లేని గడి

ఉదయం ఆరుంబావుకు పాల వ్యాను గేటు దగ్గర ఆగింది. ఆ సంగతి నాకు ఇన్నేళ్ల తర్వాత కూడా తెలుసు, ఎందుకంటే రాశాను. అదే నిమిషంలో నా కిటికీ దగ్గరికి వచ్చి ప్లంబర్ గంగారాం చెప్పబోయిన మాట ఏమిటో తెలియడానికి ఐదు నెలలు పట్టింది, ఎందుకంటే దాన్ని రాయలేదు. వినలేదు కూడా.

కువైట్ యుద్ధం ఆగి నెల రోజులైంది. సౌదీలోని అల్ ఖోబర్‌లో అజీజియా వైపు ఉన్న బ్రిటిష్ కుటుంబాలు నివసించే ఒక కాంపౌండ్‌లో నేను సెక్యూరిటీ క్లర్కుని. మరమ్మతుల కాంట్రాక్టు కంపెనీ గంగారాంను దూరాన ఉన్న తబూక్‌కు మారుస్తోంది. అతన్ని తీసుకెళ్లే బస్సు గేటు బయట ఉంది. పాల వ్యాను దానికి అడ్డంగా ఆగింది. ఇద్దరు డ్రైవర్లూ హారన్లు కొడుతున్నారు.

"సార్, జర ఒక్క మాట."

"ఏంటి గంగారాం, బస్సు నీ కోసమే ఆగిందిగా."

"తొమ్మిదిండ్ల తాళాలు ఆఫీసుల ఇచ్చిన సార్. గని సామాను ముచ్చట మీకు చెప్పాలె. ఆ సామాను..."

"తర్వాత చెప్పు. ముందా వ్యాను కదలనీ."

"గట్లనే సార్. తర్వాత చెప్త."

రేకుపెట్టె ఎత్తుకొని వెళ్లిపోయాడు. నేను వ్యాను నంబరు రాసుకున్నాను.

మా బంధువుల పిల్లలిద్దరు ఈ మధ్య గల్ఫ్‌లో సెక్యూరిటీ ఆఫీసుల్లో చేరారు. పని ఎలా ఉంటుందని ఫోన్లో అడిగారు. ఏదో చెప్పాను గాని, చెప్పవలసింది చెప్పలేదు. నా భార్య సువర్ణ పోయి రెండేళ్లయింది. మొన్న ఆమె నర్సింగు సర్టిఫికెట్లు ఉన్న అట్టపెట్టె తీస్తే, అడుగున ఒక చిన్న నోటుబుక్కు కనబడింది. అది చూశాక ఆ పిల్లల కోసం ఇది రాయడానికి కూర్చున్నాను.

పని ఏమిటంటే

గేటు కాయడం గార్డుల పని. నాది రాత పని. కాంపౌండ్‌లో ఏం జరిగినా ఇన్సిడెంట్ రిజిస్టరులో ఎక్కించాలి. నెలాఖరున వాటిని కూడి, కిందటి నెలకన్నా పెరిగాయో తగ్గాయో గీత గీసి, క్లబ్బు హాలు నోటీసు బోర్డు మీద అంటించాలి. రిజిస్టరులో ఐదు గడులు ఉండేవి. దొంగతనం, గోడ దూకి రావడం, ఆస్తి పాడుచేయడం, వాహన ప్రమాదం, ఇతరములు.

అక్కడ నేరాలు పెద్దగా ఉండేవి కావు. పిల్లల సైకిళ్లు, తోట గొట్టాలు, ఈత కొలను దగ్గర మరిచిపోయిన వాచీలు. సైకిల్ పోయిందని వచ్చిన తండ్రి, వారం తర్వాత అది పక్కింటి గరాజులో ఉందని చెప్పడానికి రాడు. రిజిస్టరులో మాత్రం అది దొంగతనంగానే మిగిలిపోతుంది. అయినా ఆ గీతను నివాసులు శ్రద్ధగా చూసేవారు. వాళ్ల దేశంలో ఏ వీధిలో ఎన్ని దొంగతనాలో లెక్క తెలిసిన మనుషులు వాళ్లు. అలాంటి లెక్క ఒకటి ఇక్కడా గోడ మీద ఉంటే, తమ ఊళ్లోనే ఉన్నట్టు వాళ్లకు కాస్త నిబ్బరంగా ఉండేది.

మా సెక్యూరిటీ మేనేజరు మిస్టర్ ప్రెంటిస్. ఇంగ్లండ్ ఉత్తరాన ఒక పట్టణంలో పోలీసు సార్జెంటుగా చేసి రిటైరైనవాడు. మంచి మనిషి. ఎవరి మీదా గొంతు పెంచడు, తన టీ తనే పెట్టుకుంటాడు, ఎంట్రీలో మనిషి దేశం పేరు రాయనివ్వడు. నాకు పని నేర్పింది ఆయనే. ఆయన నేర్పిన మొదటి సూత్రం ఇది. "వచ్చినవాడు దొంగతనం అంటే దొంగతనమని రాయి, దానియేల్. అవునా కాదా అన్నది తర్వాత." పోలీసులు ఫిర్యాదులు దాచకుండా ఉండటానికి వాళ్ల ఊళ్లో పెట్టుకున్న నియమం అది. వాళ్ల ఊళ్లో ఆ మాట రాసిన తర్వాత విచారణ ఉంటుంది. మా దగ్గర ఉండేది, పనివాణ్ని ఎక్కించి పంపేసే బస్సు. ఈ తేడా ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

తొమ్మిది తాళాలు

యుద్ధంలో సైరన్లు మొదలయ్యేసరికి చాలా కుటుంబాలు వెళ్లిపోయాయి. ఇంకొన్ని ఒక్క పూటలో సర్దుకొని వెళ్లాయి. ఇంట్లో పిల్లి ఉంది, కుండీల్లో మొక్కలున్నాయి, ఫ్రిజ్ నిండా మాంసం ఉంది. ఎవరికి అప్పగించాలి? గంగారాంకు. అతను జగిత్యాల వైపు వాడు. ఆరేళ్లుగా ఆ ఇళ్లన్నిటిలో పైపులు బాగుచేస్తున్నాడు. చెప్పులు బయట విడిచి, మోకాళ్ల కింద గోనెసంచి పరుచుకొని పనిచేసేవాడు. ఏ ఇంట్లో ఏం చూసినా బయట మాట్లాడడు. తొమ్మిది కుటుంబాలు తాళాలు అతని చేతిలో పెట్టి వెళ్లాయి. నిజానికి ఆ తాళాలు నా ఆఫీసు ద్వారా వెళ్లాలి. ఆ హడావిడిలో ఎవరూ నన్ను అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

అతనికి చదువు రాదు. కరెంటు తీగ ముక్కలు తెచ్చి, ఏ నంబరు ఇంటి తాళానికి అన్ని ముడులు వేసి, వాటన్నిటినీ మొలతాడుకు కట్టుకున్నాడు. నడిస్తే గలగలమనేవి.

"ఏం గంగారాం, ఎడ్లబండిలా వస్తున్నావ్."

"ఏం జెయ్యాలె సార్. తొమ్మిదిండ్లకు అల్లుణ్నయిన. ఒక్క అత్త సుత బువ్వ పెట్టకపాయె."

"మొక్కలకు నీళ్లెలా పొయ్యాలో రాసిచ్చారటగా."

"రాసిచ్చిర్రు సార్, రెండు కాయితాలు. నేను చెట్టును అడిగి పోస్తున్న."

ఒక రోజు ఎక్కడో పేలిన చప్పుడుకు రెండిళ్ల కిటికీ అద్దాలు పగిలాయి. గార్డుల్లో సగం మంది ఉద్యోగాలు వదిలి వెళ్లిపోయారు. పక్క గేటు గొళ్లెం పని చేయడం లేదు. అప్పుడే గంగారాం ఒక ఆలోచన చేశాడు. దాన్ని ఎవరితోనూ చెప్పలేదు. చెప్పడానికి వచ్చిన రోజు నేను తర్వాత చెప్పమన్నాను.

నిండిన పేజీ

మే నుంచి కుటుంబాలు తిరిగి రావడం మొదలైంది. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఆఫీసుకు వచ్చారు. వెండి ఫోటో చట్రాలు లేవు. కెమెరా లేదు. నగల పెట్టె లేదు. పదకొండో నంబరు ఇంట్లో బిడ్డ బాప్టిజానికి తాతగారు ఇచ్చిన వెండి గిన్నె లేదు. ఇంటికి ఒకటో రెండో వస్తువులు, చిన్నవి, విలువైనవి. తలుపులు పగలలేదు, తాళాలు చెడలేదు.

నేను రాశాను. దొంగతనం, దొంగతనం, దొంగతనం. చూసుకుంటే పేజీ నిండింది. నెలాఖరున గీత గీస్తే, అంతకుముందు ఎప్పుడూ ఎక్కని ఎత్తుకు ఎక్కింది. బోర్డు ముందు జనం గుమికూడారు. నివాసుల కమిటీ కూర్చుంది. తొమ్మిది ఇళ్లకూ ఉమ్మడిగా ఉన్నది ఏమిటని అడిగారు. తాళాలు పట్టుకున్న మనిషి.

మీరిద్దరూ ఈ పనిలో చేరారు కాబట్టి ఒక మాట చెబుతాను. గీత పైకి పోయిందంటే నేరం పెరిగిందని మాత్రమే అర్థం కాదు. ఆ నెలలో నివాసులు తిరిగి వచ్చారు. చెప్పేవాళ్లు పెరిగారు. ఐదు నెలల్లో కనబడకుండా పోయినవన్నీ ఒక్క నెలలో చెప్పారు. నేను ఆ ముక్క గీత కింద రాసి ఉండాల్సింది. అసలు రిజిస్టరులో 'కనబడటం లేదు' అని ఇంకో గడి గీసి ఉండాల్సింది. స్కేలు, పెన్సిలు నా బల్ల మీదే ఉన్నాయి.

మిస్టర్ ప్రెంటిస్ కాంట్రాక్టు కంపెనీకి ఉత్తరం రాశారు, గంగారాంను ఈ విషయం అడగమని. ఉత్తరంతో పాటు నా పేజీ నకలు జతచేశారు.

"అతను వెళ్లేటప్పుడు నీతో ఏమైనా చెప్పాడా?" అని నన్ను అడిగారు.

"లేదు సార్" అన్నాను.

ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు అని రాస్తే సగం అబద్ధం అవుతుంది. సామాను ముచ్చట అన్న మాట గుర్తుంది. కానీ తాళాలు వెనక్కి తీసుకునేటప్పుడు మనిషిని కూర్చోబెట్టి ఇల్లిల్లూ అడిగి రాసుకోవడం నా పని. ఆ పని పాల వ్యాను కోసం మానేశానని మేనేజరుతో చెప్పాల్సి వస్తుంది. చెప్పలేదు.

ఎక్కడ అని అడగలేదు

జూన్‌లో ఒక ఉదయం పద్నాలుగో నంబరు ఇంటి మిసెస్ ఫెన్విక్ వచ్చింది. చలాకీ మనిషి, ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడేది. ఆ రోజు తలుపు దగ్గరే నిలబడి మాట్లాడింది.

"దానియేల్, మా నగల పెట్టె దొరికింది. ఆ ఎంట్రీ కొట్టేయ్."

"సంతోషం మేడమ్."

"నేనే ఎక్కడో పెట్టి మరిచిపోయాను. సరే, వస్తా."

నేను 'దొరికింది' అని రాసి తేదీ వేశాను. ఎక్కడ అని అడగలేదు. నివాసులను ప్రశ్నలు అడగడం మర్యాద కాదని నాకు నేనే పెట్టుకున్న నియమం. ఎక్కడ అన్న ఒక్క మాట అడిగి ఉంటే, ఆమె నిజం చెప్పినా, తడబడినా, నాకు తెలిసిపోయేది.

జులైలో కాంట్రాక్టు కంపెనీ నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది. సదరు కార్మికుణ్ని ఎగ్జిట్ వీసా మీద ఇంటికి పంపేశాం. ఇక మీకు ఇబ్బంది ఉండదు. మిస్టర్ ప్రెంటిస్ ఆ కాగితం నా బల్ల మీద పెట్టారు.

"నేను అడగమన్నాను. పంపమనలేదు" అన్నారు.

అంతకుమించి ఏమీ చేయలేదు. పనివాణ్ని ఉంచాలన్నా పంపాలన్నా హక్కు వీసా ఇచ్చిన కఫీల్‌ది. ఆయన కఫీల్ కాదు, నేనూ కాదు. గంగారాంను తబూక్‌లో పని మధ్యలో పిలిచి, ఖలాస్, నీ పని అయిపోయిందని చెప్పి, టికెట్ చేతిలో పెట్టారట. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేదట. ఎందుకో అతనికి ఊరు చేరాక తెలిసింది. అదే కంపెనీలో పనిచేసే అతని బామ్మర్ది ఈ దొంగతనం మాట రాసిన ఉత్తరం అప్పటికే ఊళ్లోకి వచ్చి ఉంది.

టబ్బు వెనక

ఆగస్టులో ఆరో నంబరు ఇంట్లో స్నానపు టబ్బు కారుతోందని ఫిర్యాదు వచ్చింది. గంగారాం బదులు వచ్చిన ప్లంబరు రఫీక్ పాకిస్తానీ, పెద్దాయన. పావుగంటలో నా ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"దానియేల్ భాయ్, జల్దీ ఆవో. ఇధర్ టబ్ కే పీఛే పూరా దుకాన్ హై."

ఆ ఇళ్లలో టబ్బుకు ముందువైపు ఒక పలక ఉంటుంది. నాలుగు మరలు విప్పితే ఊడి వస్తుంది. వెనక పైపులు, కాస్త ఖాళీ జాగా. రఫీక్ పలక గోడకు ఆనించి నేల మీద కూర్చున్నాడు. ఖాళీలో ఒక తువ్వాలు మూట ఉంది. ఆ ఇంటి తువ్వాలే. లోపల వెండి చట్రాలు, కెమెరా. మూట మీద ఒక కరెంటు తీగ ముక్క. దానికి ఆరు ముడులు.

నేను ముడులు లెక్కపెట్టాను. రెండోసారి లెక్కపెట్టాను.

"క్యా హువా భాయ్? తబియత్ ఠీక్ హై?"

"రఫీక్ భాయ్, ఔర్ ఆఠ్ ఘర్ ఖోల్నా హై."

మధ్యాహ్నానికల్లా మిగిలిన ఎనిమిదిళ్లూ తిరిగాం. ఎవరి వస్తువు వాళ్ల ఇంట్లోనే, వాళ్ల తువ్వాలులోనే ఉంది. పద్నాలుగో నంబరులో మిసెస్ ఫెన్విక్ స్నానాల గది తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఇక్కడ విప్పక్కర్లేదు. మాది దొరికింది కదా."

"ఎక్కడ దొరికింది మేడమ్?"

రెండు నెలలు ఆలస్యంగా అడిగాను. ఆమె ముఖం ఎర్రబడింది. పలక వెనకే దొరికింది. ఆ పలక వెనక ఆమెవి ఇంకా వేరే ఉన్నాయి. ద్రాక్షరసం పులియబెట్టే గాజు జాడీలు. ఆ దేశంలో అది ఎంత నేరమో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. కొత్త జాడీ పెట్టడానికి పలక విప్పితే నగల పెట్టె కనబడింది. ఎలా దొరికిందో చెబితే అందరూ పలకలు విప్పుతారు, జాడీల సంగతి బయటపడుతుందని ఊరుకుంది. గంగారాంకు ఆ జాగా తెలిసింది కూడా అలాంటి జాడీల వల్లే. దొరలు దాచుకునే చోటు కాబట్టి అదే గట్టి చోటని అతను అనుకున్నాడు.

"వాణ్ని పంపేస్తారని నాకు తెలియదు, దానియేల్" అంది. ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. ఆమె తలుపు దగ్గర నిలబడి దాచింది. నేను కుర్చీలో కూర్చొని దాచాను.

ఒక్క వస్తువు మాత్రం దొరకలేదు. పదకొండో నంబరు ఇంటి వెండి గిన్నె. టబ్బు వెనక ఆ ఇంటి గడియారం ఉంది, గిన్నె లేదు.

కమిటీ మళ్లీ కూర్చుంది. లెక్క సరిచేసి కొత్త గీత పెట్టమన్నారు. గంగారాం తప్పు లేదని కంపెనీకీ, అతనికీ ఉత్తరం రాయాలని మిస్టర్ ప్రెంటిస్ అడిగారు. "గిన్నె ఇంకా దొరకలేదు కదా" అన్నారు కమిటీవాళ్లు. అక్కడితో ఆగింది. పాత గీతను బోర్డు మీంచి మిస్టర్ ప్రెంటిసే చించి తీశారు. ఎనిమిదిళ్ల వస్తువులు దొరికాయని, తన సొంత కాగితం మీద, సొంత సంతకంతో నాలుగు ముక్కలు రాసి నాకిచ్చారు.

ఇంటికి వచ్చి సువర్ణకు అంతా చెప్పాను. వ్యాను, తర్వాత చెప్పు అన్న మాట, మేనేజరుతో చెప్పిన అబద్ధం. ఆమె అక్కడి ఆస్పత్రిలో నర్సు డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి, బూట్లు విప్పుతోంది.

"ఈ కాగితం ఏం చేస్తారు?"

"రిజిస్టర్డు పోస్టులో పంపుతాను."

"మావాళ్లు రోగికి తప్పు మందు ఇస్తే పోస్టులో చెబుతారా? మంచం దగ్గరికి వెళ్లి చెప్పాలి. డిసెంబరులో సెలవు ఉందిగా మనకి. పోదాం."

మరునాడు పొద్దున్నే మిస్టర్ ప్రెంటిస్ దగ్గరికి వెళ్లి నా అబద్ధం ఆయనకు చెప్పాను. "నేనూ నిన్ను రెండోసారి అడగలేదు" అన్నారు.

తర్వాత

గంగారాం ఊళ్లో బస్సు దిగి అడిగితే ఇల్లు చూపించారు. వాకిట్లో బోరు మోటారు ఒకటి విప్పి పెట్టుకొని కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు. ముఖంలో కోపం లేదు, సంతోషమూ లేదు.

"దానియేల్ సారు గద. కూసుండ్రి. అమ్మా, మీరు సుత కూసుండ్రి. చాయ్ పెట్టమంట."

నేను కాగితం తీసి చదివి, తెలుగులో చెప్పాను. మొత్తం విన్నాడు.

"కాయితం మంచిగనే ఉన్నది సార్. గని మా ఊళ్లె గీ ఇంగిలీసు సదివేటోడు పంతులొక్కడే. గాయన ముందుగాల్నే నేను దొంగను గాదన్నడు."

"మిగిలినవాళ్లు?"

అతను మోటారు వైపు చూపించాడు. "గిది పొలం కాడ ఉండేది. గందుకే నాకిచ్చిర్రు. ఇంట్ల నల్లా పోతె పిలుస్తలేరు సార్. వాకిట్లనే నిలబెట్టి మాట్లాడుతరు. ఆడ బంగ్లలల్ల తిరిగినోణ్ని, ఈడ ఎవలింట్లకు రానిస్తలేరు."

అదీ సంగతి. పోయింది ఉద్యోగం ఒక్కటే అని నేను ఐదు నెలలు అనుకున్నాను. ప్లంబరును ఇంట్లోకి రానివ్వకపోతే అతనికి ఊళ్లో ఏం పని ఉంటుంది?

"ఏం చెయ్యమంటావు గంగారాం?"

"కాయితం గాదు సార్. నోటితోని చెప్పున్రి. పొద్దున హోటల్ కాడ అందరుంటరు."

"రేపు ఉదయం చెబుతాను."

"రేపెందుకు సార్? గిప్పుడు సుత ఉంటరు." ఆగి, నా వైపు చూశాడు. "తర్వాత చెప్పుమన్నరు గద ఆనాడు. గిదే ఆ తర్వాత."

హోటల్ అంటే తాటాకు పందిరి, రెండు బెంచీలు. పదిహేను మంది దాకా ఉన్నారు. నేను జనంలో మాట్లాడే మనిషిని కాను. చర్చిలో ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునేవాణ్ని. నిలబడి చెప్పాను. నేను రాయబట్టే ఇతన్ని పంపేశారని, ఇతను చెప్పబోతే వినలేదని, ఇతను వస్తువులు దాచింది ఆ ఇళ్లవాళ్ల కోసమేనని, ఎనిమిదిళ్లవి దొరికాయని.

బీడీ కాలుస్తున్న ఒక ముసలాయన అడిగాడు. "తొమ్మిదిండ్లని రాసిండు గద వీని బామ్మర్ది. ఎనిమిదంటున్నవేంది సారూ?"

"ఒకటి దొరకలేదు. వెండి గిన్నె."

"అగో! మేకను వాపస్ ఇచ్చి తాడు ఉంచుకున్నడన్నట్టు." బెంచీ మీద నవ్వులు.

అబద్ధం చెప్పి ఉంటే పని సులువయ్యేది. కానీ అక్కడ నిలబడి మళ్లీ ఒక అబద్ధం చెప్పలేకపోయాను. గంగారాం మాత్రం ముసలాయన వైపు చూడనే లేదు.

"ఏ గిన్నె సార్? పదకొండో నంబరింట్లదా?"

"అదే."

"ఎన్ని టబ్బులు ఇప్పిండ్రు ఆ ఇంట్ల?"

"ఒకటి. అందరి ఇళ్లలోనూ పెద్ద స్నానాల గదిలోదే."

"ఆ ఇంట్ల ఇంకోటి ఉన్నది సార్, పిల్లలది, చిన్నది. పాప గిన్నె గద అని పాప తానం జేసే కాడ పెట్టిన. పలక ఇప్పంగనే కనవడది. లోపట కుడిదిక్కు పైపుకు, తీగతోని ఏలాడదీసిన. నీళ్లు గారినా తడవకుంట."

నవ్వులు ఆగాయి. ముసలాయన బీడీ నేలకు రాసి ఆర్పాడు.

"గట్లయితె మిగిలినయి సుత చెప్పు, ఏడేడ పెట్టినవో" అన్నాడు.

గంగారాం చెప్పాడు. ఒక్కో ఇల్లు, ఏ గదిలో, ఏ పైపు పక్కన, ఏ రంగు తువ్వాలులో. తొమ్మిది నెలలు దాటినా ఒక్కటీ తప్పలేదు. ఆ రోజు గేటు కిటికీ దగ్గర నాకు చెప్పడానికి తెచ్చిన మాట అదే. చెప్పడానికి ఎంతసేపు పట్టిందో గమనించాను. ఒక చాయ్ తాగేంత.

నా జేబులో పెన్ను ఉంది, తీయలేదు. పక్కకు చూస్తే సువర్ణ ఒళ్లో నోటుబుక్కు పెట్టుకొని రాసుకుంటోంది. నర్సు కదా, నోటితో చెప్పింది చెప్పినట్టు రాయడం అలవాటు. మొన్న అట్టపెట్టెలో దొరికింది ఆ నోటుబుక్కే. తొమ్మిది వరుసలు, ప్రతి వరుసలో ఇల్లు, వస్తువు, చోటు. ఆమె చేతిరాత.

ఎంట్రీ

జనవరిలో తిరిగి వెళ్లిన రోజే రఫీక్‌ను తీసుకొని పదకొండో నంబరుకు వెళ్లాను. పిల్లల టబ్బు పలక విప్పి, కుడివైపు చేయి పెట్టాను. తీగ తగిలింది. పదకొండు ముడులు. గిన్నె మీద దుమ్ము కూడా లేదు, చుట్టూ ప్లాస్టిక్ సంచి కట్టి ఉంది. రఫీక్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కామ్ పక్కా హై. జిస్ నే కియా, ఉస్తాద్ హై" అని చేసినవాడి పనితనాన్ని మెచ్చుకున్నాడు. అతనికి ఆ ఉస్తాద్ ఎవరో పూర్తిగా చెప్పాను.

రిజిస్టరులో పాత పేజీ తీసి, దొంగతనం అన్న మాట కొట్టేసి, కొట్టేసినచోట సంతకం పెట్టాను. పక్కన రాశాను. దొరికింది. ఎక్కడ: పిల్లల స్నానాల గది, టబ్బు పలక వెనక. ఎవరు చెప్పారు: గంగారాం, ప్లంబర్. ఎప్పుడు చెప్పబోయాడు: కిందటి మార్చి, ఉదయం ఆరుంబావు. ఆ చివరి వాక్యం ఎందుకని మిస్టర్ ప్రెంటిస్ అడగలేదు.

ఆ తర్వాత కమిటీ ఉత్తరం ఇచ్చింది. కంపెనీ మాత్రం అతన్ని మళ్లీ తీసుకోలేదు. వీసా రద్దయింది, కొత్తవాణ్ని తెచ్చుకున్నాం అన్నారు. ఉత్తరాన్ని పంతులు హోటల్ దగ్గర చదివాడని గంగారాం తన అన్న కొడుకు చేత రాయించాడు. సగం మంది ఇళ్లలోకి పిలుస్తున్నారని, మిగతా సగం మంది ఇంకా చూస్తున్నారని రాయించాడు. మిసెస్ ఫెన్విక్ ఏటా క్రిస్మస్‌కు అతని పేరు మీద ఒక పార్సెల్ నా చేతికి ఇచ్చేది. నేను పంపేవాణ్ని. అతను ఎన్నడూ దాని గురించి రాయించలేదు.

నేను అక్కడ ఇంకా పద్దెనిమిదేళ్లు పనిచేశాను. రిజిస్టరులో ఆరో గడి గీశాను, 'కనబడటం లేదు' అని. దొంగతనం గడిలో ఎక్కించే ముందు ప్రతి ఎంట్రీ అందులో రెండు వారాలు ఉండాలి. దొరికితే ఎక్కడ దొరికిందో రాయాలి. ఆ గడి పెట్టాక గీత చాలా కిందికి వచ్చింది. భద్రత పెరిగిందని కమిటీ నన్ను మెచ్చుకుంది. భద్రత ఎంత ఉందో అంతే ఉంది. రాయడం మారింది. మీరు ఏ గీత చూసినా ముందు ఇది అడగండి. లెక్క మారిందా, లెక్కపెట్టే తీరు మారిందా?

ఇంకొకటి. మీ కిటికీ దగ్గరికి వచ్చి ఒక్క మాట అన్నవాడి చేత ఆ మాట చెప్పించుకోండి. వ్యాను హారన్ కొడుతూనే ఉంటుంది.

గంగారాం కిందటేడు పోయాడు. అతని అన్న కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. సువర్ణ ఉంటే ఆమెతో చెప్పేవాణ్ని.

తర్వాతి ఏళ్లలో కాంపౌండ్ గోడలు ఎత్తయ్యాయి, గేటు ముందు సిమెంటు దిమ్మలు వచ్చాయి. ఇంటి తాళాలు ఇప్పుడు సీలు వేసిన కవరులో, సంఖ్యలు నొక్కితే తెరుచుకునే ఇనుప పెట్టెలో ఉంటాయి. తీయాలంటే రెండు సంతకాలు కావాలి. ఊరెళ్లేటప్పుడు ఇంటి తాళం పనివాడి చేతిలో పెట్టి వెళ్లడం ఇప్పుడు అక్కడ లేదు.